తారామణి పేరు చెప్పి

తారామణి పదిహేడో ఏట నర్సు ట్రైనింగ్‌కని మోత్కూరు బస్సెక్కి ఉప్పల్‌లో దిగింది. ఇప్పుడామెకు యాభై మూడు. నాచారంలో అద్దెకుంటూ, అక్కడే ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో పనిచేస్తోంది. ఇన్నేళ్లయినా ఆమె మనసు ఊరి పక్క బిక్కేరు వాగు దాటి రాలేదు. నెలకు రెండు ఆదివారాలు నైట్ డ్యూటీ దిగి సొంతూరు రేగులపల్లికి పోయేది. అక్కడ ఇల్లూ పొలమూ ఎప్పుడో పోయాయి. ఎవరి అరుగు మీదో కూర్చుని, వచ్చినవాళ్లకు బీపీ చూసి, వాళ్లు పెట్టిన జొన్నరొట్టె తిని వచ్చేది. చుట్టుపక్కల ఐదారు ఊళ్లలో ఎవరికి జబ్బు చేసినా ముందు ఆమెకే ఫోను. “రింగ్‌రోడ్డు కాడ దిగినం తారక్కా” అంటే చాలు, ఆటో ఎక్కి ఉప్పల్ పోయి వాళ్లను తన ఆసుపత్రికి వెంటబెట్టుకొచ్చేది.

గురువారాలు ఆమెకు సెలవు. ఆ వారం తోటి నర్సు ఒకామె ఏదో పెళ్లికి పోవడంతో, ఆమె బదులు తారామణి డ్యూటీకి వచ్చింది. పదకొండింటికి ఏదో పని మీద నాలుగో అంతస్తులో ఆడవాళ్ల వార్డుకు వెళ్లింది. వరుసగా మూడు మంచాల మీద ఆపరేషన్ గౌన్లలో ముగ్గురు. ముగ్గురూ రేగులపల్లివాళ్లే.

“ఉమా, నువ్వేంది ఈడ?”

ఉమ నవ్వింది. “నువ్వే రమ్మన్నవంట గదక్కా. గర్భసంచి తీస్తరంట గద.”

“నేనన్ననా? ఎవరు జెప్పిన్రు?”

“గిరిప్రసాద్ సారు. పది రోజుల కింద ఊర్ల క్యాంపు పెట్టిన్రు. తెల్లబట్ట అయితుందంటే స్కానింగ్ తీసిన్రు. సంచి తీయకుంటే కాన్సర్ అయితదన్నరు. తారామణి సిస్టర్ దగ్గరుండి చూస్కుంటదని నీ ఫోటో గూడ సూపెట్టిండు.”

ఉమకు ఇరవై ఎనిమిదేళ్లు. తారామణి ఫైలు తీసి స్కాన్ రిపోర్టు చదివింది. గర్భసంచి మామూలుగానే ఉంది. మిగతా రెండు ఫైళ్లూ అంతే. మాత్రలు వాడితే తగ్గిపోయే ఇన్ఫెక్షన్లు. ఒంటిగంట నుంచి ముగ్గురికీ ఆపరేషన్ రాసి ఉంది.

“మనూరోళ్లు ఇంకెవరన్న వచ్చిన్రా?”

“పోయిన గురువారం కావ్య జేయించుకున్నది గద. నిన్ననే ఇంటికి పోయింది. నువ్వు ఐసీయూల పనిల ఉంటవ్, ఫోన్ జెయ్యొద్దన్నరంట. నీకు తెల్వదా?”

తనకు సెలవున్న రోజే ఎందుకు చేర్చుకున్నారో తారామణికి అప్పుడు అర్థమైంది. మెట్లు దిగి నేరుగా గిరిప్రసాద్ గదికి వెళ్లింది. అతను ఘట్‌కేసర్ మనిషి. ఆసుపత్రికి రోగులను పట్టుకొచ్చే ఉద్యోగం.

“నా పేరెందుకు జెప్పినవ్?”

అతను కుర్చీ చూపించాడు. “కూసో అక్కా. వేరే ఊర్ల పది రోజులు తిరిగితే ఇద్దరొచ్చిన్రు. మీ ఊర్ల నీ పేరు జెప్తే ఒక్క పూటల పన్నెండు మంది రాయించుకున్నరు. ఆడ నీకు మస్తు ఇజ్జత్ ఉన్నది.”

ఆ మాట మెచ్చుకోలుగానే అన్నాడు. దాంతో ఆమె ఒళ్లు భగ్గుమంది.

“ముప్పై ఏండ్ల సంది రోగులను సూస్తున్న. ఎంతోమంది నా కండ్ల ముందే సచ్చిపోయిన్రు. నీయసొంటోన్ని మాత్రం సూడలే.”

“నన్నంటే ఏమొస్తది? రాసింది డాక్టర్ సారు.”

తారామణి మళ్లీ పైకెళ్లి ఉమ చేతికున్న సూది తీసి, దూది అదిమిపెట్టింది. “చీరలు కట్టుకోండ్రి. పోదాం.”

ఉమ కదల్లేదు. “కాన్సర్ అయితే ఎట్లక్కా?”

“నీకేం లేదు. రేపు సర్కారు దవాఖానాల ఇంకోపాలి సూపిస్త.”

“మరి నువ్వే జెప్పినవన్నరు గద.”

“నేను జెప్పలే. ఇగ మీదికెల్లి నా పేరు ఎవరు జెప్పినా నమ్మకు. నన్నడుగు.”

ఎవరో చెప్పినట్టున్నారు, ఆసుపత్రి నడిపే డాక్టర్ మురళీధర్ వచ్చాడు. “తారామణి గారూ, ఇది మీ వార్డు కాదు.”

“వార్డు మీదే సార్. ఆడోళ్లు మావోళ్లు.”

“వీళ్లను తీసుకెళ్తే మీరు రేపట్నుంచి రానక్కర్లేదు.”

“రాను. ఈ ఫైళ్లు గూడ తీస్కపోతున్న. అడ్డం పడితే ఈడనే కూసోని అందరికీ సదివి వినిపిస్త.”

అతను పక్కకు తప్పుకున్నాడు.

సాయంత్రం నాలుగింటికల్లా ముగ్గురినీ ఊళ్లో దించి, తారామణి కావ్య ఇంటికి పోయింది. కావ్యకు ముప్పై ఒకటి. పొట్టకు గుడ్డ చుట్టుకుని గోడకానుకుని కూర్చుంది. తారామణి ఏదీ దాచకుండా చెప్పింది.

“అంటే ఊకెనే తీసిన్రా?”

“ఊకెనే తీసిన్రు.”

కావ్య పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. “నీ పేరు జెప్తేనే పోయినక్కా. లేకుంటే పోయేదాన్ని గాదు. నువ్విప్పుడు ఇంటికి పో.”

తారామణి లేచింది. ఈ ఊళ్లో ఆమెను పొమ్మన్న మనిషి అంతకుముందు లేదు. గిరిప్రసాద్ మీద, డాక్టరు మీద, ఇన్నేళ్లూ ఆ ఆసుపత్రికే మనుషులను నడిపించుకుపోయిన తన మీద కోపంతో బస్టాండు దాకా నడిచింది.

మర్నాడు ఉమను, మిగతా ఇద్దరిని సర్కారు దవాఖానాలో చూపించింది. మాత్రలు చాలన్నారు. ఆ కాగితాలూ ఫైళ్లూ కలిపి భువనగిరిలో ఆరోగ్యశాఖ అధికారికి ఫిర్యాదు ఇచ్చింది. నెల తర్వాత విచారణకు పిలిచారు. కావ్య కూడా వచ్చింది. తారామణి ముందురోజే ఊరికి పోవడంతో ఇద్దరిదీ ఒకే బస్సు, కానీ కావ్య ముందు సీట్లో కూర్చుని ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. ఎవరు పంపితే పోయావని అధికారి అడిగితే కావ్య తడుముకోకుండా చెప్పింది.

“ఈ తారామణి పేరు జెప్పి తోల్కపోయిన్రు సార్. ఈమెకు తెల్వదు. గని నేను పోయింది ఈమెను నమ్మే.”

తారామణి తలెత్తి, “అట్లనే రాయండ్రి సార్,” అంది. కింద తనూ సంతకం పెట్టింది.

క్యాంపులు ఆగాయి. విచారణ ఇంకా నడుస్తోంది. ఆసుపత్రి మాత్రం తెరిచే ఉంది. రేగులపల్లికే వచ్చి ఉండమని ఉమ అడిగింది. తారామణి ఒప్పుకోలేదు. ఉప్పల్‌లో ఒక చిన్న దవాఖానాలో చేరింది.

“మనోళ్లు బస్సు దిగేది ఈడనే గద,” అంది. “ఆ గిరిప్రసాద్ గూడ ఈడనే తిరుగుతుండు.”