చెప్పకూడని జబ్బు

రేపల్లె నుంచి నిజాంపట్నం వెళ్లే దారిలో మోహనకృష్ణకు రొయ్యల చెరువులున్నాయి. వాటి పక్కనే రొయ్యలు ఒలిచే షెడ్డు. అక్కడ అంకమ్మ మేస్త్రి. ఆమె గొంతు లేచిందంటే షెడ్డు చివర కూర్చున్న వాళ్ల చేతులు కూడా చురుగ్గా కదిలేవి.

ఆ షెడ్డులో పనిచేసే సెనోవారాది బర్మా. సైన్యం ఊరు తగలబెడితే సరిహద్దులు దాటి, ఏవేవో శిబిరాలు తిరిగి, హైదరాబాదు మీదుగా ఇక్కడికి చేరింది. పేరు నోరు తిరగక అందరూ సేనమ్మ అని పిలిచేవారు. ఆమె మొగుడు రహమతుల్లా చెరువుల కాపలా. షెడ్డు వెనకున్న రేకుల గదిలో ఇద్దరూ ఉండేవాళ్లు. ఐక్యరాజ్యసమితి వాళ్లిచ్చిన శరణార్థి కార్డు తప్ప వాళ్ల దగ్గర ఇంకే గుర్తింపూ లేదు.

సెనోవారాకు నెలలు నిండుతుండగా రక్తపరీక్షలో హెపటైటిస్ బి ఉన్నట్టు తేలింది. పెద్ద ఆసుపత్రిలో కాన్పు చేయించుకోమన్నారు. అంకమ్మకు తెలిసిన పెద్ద ఆసుపత్రులన్నీ తెనాలిలోనే ఉన్నాయి. సెనోవారాను వెంటబెట్టుకుని అక్కడ ఒక నర్సింగ్ హోముకు వెళ్లింది.

"హెపటైటిస్ పాజిటివ్ ఎవరండీ?" కౌంటర్లో అమ్మాయి హాలంతా వినపడేలా కేకేసింది. బెంచీ మీద పక్కన కూర్చున్నామె చీర కుచ్చిళ్లు దగ్గరకు లాక్కుని లేచిపోయింది.

"మేం చెయ్యమండీ. ఇంకెక్కడికైనా తీసుకెళ్లండి," అందా అమ్మాయి.

"ఎందుకు చెయ్యరు?"

"థియేటరంతా మళ్లీ శుభ్రం చేసుకోవాలి."

"అంటే మిగతా వాళ్లకి చేశాక శుభ్రం చెయ్యరా ఏంటి?"

"నాతో వాదించకండి. అయినా ఆధార్ కూడా లేదన్నారుగా."

అంకమ్మ కౌంటరు మీద చరిచింది, డాక్టర్ని పిలవమంది, నోటికొచ్చినట్టు తిట్టింది. ఎవరూ బయటకు రాలేదు. సెనోవారానే ఆమె చెయ్యి పట్టుకుని మెట్లు దించింది.

తిరుగు బస్సులో కిటికీలోంచి చూస్తూ సెనోవారా ఉన్నట్టుండి మాట్లాడింది. "నా మొదటి బిడ్డ బర్మాలో సైన్యం గేటు దగ్గర పోయింది పెద్దమ్మా. ఆసుపత్రికి పోవాలంటే మాకు పర్మిషన్ కావాలి. సిపాయి లేదన్నాడు. అక్కడే కన్నాను, అక్కడే పోయింది."

అంకమ్మ సంచిలోంచి అరటిపండు తీసి ఆమె చేతిలో పెట్టింది.

నొప్పులు మొదలైన రోజు ఆటోలో బాపట్ల సర్కారు ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఈసారి కూడా గొడవకు సిద్ధపడే వెళ్లింది. కానీ డాక్టర్ నీరజ రిపోర్టు చూసి, మామూలు కాన్పుకు లాగానే లోపలికి పంపించింది. ఆధార్ అడగబోయిన గుమస్తాతో, "ఆ శరణార్థి కార్డు నంబరే రాయండి. కాన్పు ఆధార్ కోసం ఆగుతుందా?" అంది.

ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే పసిదానికి వెయ్యాల్సిన ఇంజెక్షన్లు వేశారు.

"ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు. పాలు కూడా ఇవ్వొచ్చు," అని చెప్పింది నీరజ. "పిల్లకి తర్వాతి డోసులు మాత్రం తప్పకూడదు. భర్తకి కూడా పరీక్ష చేయించాలి."

అంకమ్మ ఆ మాటలు ఆటోలో మళ్లీ మళ్లీ అనుకుంటూ వచ్చింది.

అప్పటికే కబురు షెడ్డుకు చేరింది. తెనాలి హాల్లో కూర్చున్న వాళ్లలో పుష్పలత తోడికోడలు ఉందట. పుష్పలత షెడ్డులో సెనోవారా పక్కనే కూర్చుని ఒలిచేది. మర్నాడు సగంమంది పనిలోకి రాలేదు. మోహనకృష్ణ అంకమ్మను పిలిపించాడు.

"ఆ అమ్మాయి ఇక వద్దు అంకమ్మా. రొయ్య ముల్లు గుచ్చుకుంటే రక్తమొస్తుంది, నీకు తెలీదా?"

"అందుకేగా బాబూ తొడుగులు ఇప్పించమంటున్నాం. పోనీ, అందరికీ పరీక్షలు చేయించండి. ఇంకెంతమందికి ఉందో! మీరూ చేయించుకోండి."

ఆయన మొహం కందగడ్డయింది. గొంతు తగ్గించాడు. "జబ్బు సంగతి వదిలెయ్. కాగితాలు లేని ఆ మనుషుల్ని గదిలో ఎందుకు పెట్టుకున్నావని రేపు పోలీసులొచ్చి అడిగితే? నువ్వు చెప్తావా సమాధానం?"

రెండేళ్లుగా ఆ మనుషులే కాపలా కాస్తుంటే ఆయన చెరువుల్లో రొయ్య పెరిగింది. అంకమ్మ ఆ మాటా అంది. ఆయన గది ఖాళీ చేయించమని చెప్పి, ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు.

"మా వరండాలో ఉండండి," అంది అంకమ్మ సెనోవారాతో. "పిల్లకి రెండో ఇంజెక్షన్ అయ్యేదాకా ఎక్కడికీ కదలొద్దు." సెనోవారా ఆమె రెండు చేతులూ కళ్లకద్దుకుంది.

అంకమ్మ ఇంటికెళ్లి వరండా తుడుస్తుంటే కూతురు గౌతమి వచ్చి గుమ్మంలో నిలబడింది. చీరాల మగ్గాల వాళ్లింటికి ఇచ్చిన పిల్ల, ఆరో నెలతో పుట్టింటికి వచ్చింది.

"వాళ్లొస్తే నేను వెళ్లిపోతానమ్మా."

"ముట్టుకుంటే రాదే! డాక్టరమ్మే చెప్పింది."

"నాకు తెలుసు. మా అత్తగారికి తెలీదుగా. ఆవిడ చెవిన పడితే కాన్పయ్యాక నన్నూ బిడ్డనీ గడప తొక్కనివ్వదు. నువ్వొచ్చి వాదిస్తావా అక్కడ?"

అంకమ్మ తుడవడం సగంలో ఆపి చీపురు గోడకు ఆనించింది.

రేకుల గదికి వెళ్లేసరికి రహమతుల్లా మూటలు కడుతున్నాడు. సెనోవారా లేచి వచ్చింది. అంకమ్మ నోరు తెరవకముందే, "ఇంట్లో గౌతమమ్మ ఉందిగా పెద్దమ్మా. మేం హైదరాబాదు పోతాం," అంది. ఆ గొంతులో కోపం లేదు. కోప్పడి ఉంటే బాగుండుననిపించింది అంకమ్మకు.

రేపల్లె స్టేషన్లో రైలెక్కించింది. పసిదాన్ని ఎత్తుకుని గుండెకు హత్తుకుంది, మొహమంతా ముద్దులు పెట్టుకుంది. ఇంటికొచ్చి స్నానానికి వెళ్తూ, పసిదాన్ని ఎత్తుకున్న చీరను మిగతా బట్టల్లో కలపకుండా విడిగా పడేస్తున్న తన చేతిని చూసి తనే ఆగిపోయింది.

గౌతమికి నెలలు నిండుతుండగా సెనోవారా ఫోన్ చేసింది. ఎవరింట్లోనో అంట్లు తోముతోందట. పిల్లకి ఇంజెక్షన్లు వేయించిందట.

"రహమతుల్లాకి పరీక్ష చేయించావా మరి?"

"చేయించను పెద్దమ్మా. ఉందని తెలిస్తే ఈ గది కూడా పోతుంది. నా సంగతీ ఇక్కడెవరికీ చెప్పలేదు. మళ్లీ కాన్పొచ్చినా చెప్పను."

"అట్లా దాస్తే ఎట్లాగే, పిల్లలకి ప్రమాదం..." అనబోయింది అంకమ్మ.

"చెప్తే ఎవరు ఉండనిస్తారు పెద్దమ్మా?"

నిజంగానే అడిగింది, ఎవరైనా ఉన్నారేమో తెలుసుకోవాలన్నట్టు. అంకమ్మ ఫోన్ చెవికి ఆనించుకునే వరండా వైపు చూసింది. అవతల సెనోవారాయే పెట్టేసిన చప్పుడు వినిపించింది.