డీకన్ జుట్టు

శుక్రవారం పొద్దున్నే ఆర్డిస్ వంటింటి సింకులో గిన్నెలన్నీ ఎత్తి పక్కన పడేసి, అడుగున పాత తువ్వాలు మడత పెట్టి పరిచింది. కాళ్ళు జారితే డీకన్ భయపడతాడు. భయపడితే ఎత్తుకున్నవాళ్ళ ఒళ్ళంతా తడిపేస్తాడు. కుళాయి తిప్పి నీళ్ళు మోచేత్తో చూసుకుంది. వెచ్చదనం చర్మానికి తెలియనంత వెచ్చగా రావాలి. ఆ పాకానికి కుళాయి ఎంత తిప్పాలో రెండేళ్ళుగా ఆమె చేతికి తెలుసు.

డీకన్ గినీపిగ్. మనిషి కొలతలో చెప్పాలంటే జానెడు పైన నాలుగు వేళ్ళు. జుట్టు మాత్రం రెండు పక్కలా అడుగున్నర చొప్పున నేల ఊడుస్తుంది. దువ్వి బల్ల మీద కూర్చోబెడితే తల ఎటో పిర్ర ఎటో పెంచుకున్న యజమానికే తెలియదు. కారెట్ ముక్క చూపించాలి. ఏ కొస కదిలితే అది తల.

అంత జుట్టు ఇంట్లో విరబోసుకుని తిరగనిస్తే రెండు రోజుల్లో ఎండుగడ్డీ, ఉచ్చా కలిసి చాపలా అట్ట కడుతుంది. అందుకే పాయలుగా విడదీసి, ఒక్కో పాయనీ మెత్తటి కాగితంలో చుట్టి, మడతలో పలచని చెక్క ముక్క పెట్టి, పైన రబ్బరు బ్యాండు వేస్తారు. డీకన్ ఒంటి మీద అలాంటి చుట్టలు పదకొండు. పోటీకి ముందు రోజు అవన్నీ విప్పి తలంటు పోయాలి.

ఆ పోటీ రేపే. వెల్మర్ కౌంటీ జాతరలో పొడుగు జుట్టు గినీపిగ్‌ల వరస. వరసగా మూడేళ్ళు గెలిచినవాళ్ళకి వెండి కప్పు సొంతమైపోతుంది. ఆర్డిస్ రెండేళ్ళు గెలిచింది.

అలా సొంతం చేసుకున్న మనిషి కౌంటీ మొత్తానికి ఇప్పటిదాకా ఒక్కతే. లవోన్. ఆర్డిస్ భర్త మైలోకి అక్క, గినీపిగ్ క్లబ్బుకి అధ్యక్షురాలు. ఆవిడ కప్పు వాళ్ళ ముందుగది కిటికీలో, రోడ్డుకి ఎదురుగా ఉంటుంది. ఆర్డిస్ ఇరవై తొమ్మిదేళ్ళు స్కూలు బస్సు తోలింది. బస్సు ఆగేది సరిగ్గా ఆ కిటికీ ముందే. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, పిల్లలు ఎక్కి దిగేలోపు ఆ కప్పు వెలుగు కళ్ళలో గుచ్చుకునేది. రిటైరయ్యాక ఆర్డిస్ గినీపిగ్‌ని కొన్నదని తెలిసి, చర్చి భోజనాల దగ్గర అందరూ వింటుండగా లవోన్, "స్టీరింగ్ పట్టిన చేతులు. పాపం, ఆ దువ్వెన ఎన్నాళ్ళు బతుకుతుందో" అంది. ఆర్డిస్ ప్లేట్లోని బంగాళాదుంప కూర చివరిదాకా తిని, ఇంటికొచ్చి, మర్నాడే మంచి దువ్వెన కొంది.

"నా చేతులు తోముకునే డబ్బా ఏదీ?" అంటూ మైలో పెరటి గుమ్మంలోంచి వచ్చాడు. వెనక షెడ్డులో ట్రాక్టర్లు బాగు చేస్తాడు. మోచేతుల దాకా గ్రీజు.

"ఇక్కడుంది. డీకన్ వెనక వైపు జిడ్డు వదిలించాలి."

"ట్రాక్టరు ఇంజన్ జిడ్డు వదిలించే ముద్ద అది."

"మగాళ్ళ జిడ్డు దేనికీ వదలదు. దీనికే కాస్త వదులుతుంది" అంటూ ఆమె డబ్బాలోంచి వేలితో ఇంత ముద్ద తీసుకుని మిగతాది అతనికి అందించింది. మగ గినీపిగ్‌లకి పిర్ర పైన ఒక జిడ్డు గ్రంథి ఉంటుంది. అది కడగకపోతే ఇంటికి చుట్టాలు రారు.

సరిగ్గా అప్పుడే చుట్టం వచ్చింది. లవోన్ చేతిలో పుల్లటి రూబార్బ్ కాడలు పెట్టి కాల్చిన పై పళ్ళెం పట్టుకుని, తలుపు తట్టకుండా లోపలికొచ్చి, "అధ్యక్షురాలిగా రాలేదులే, అక్కగా వచ్చాను" అంది. రేపటి పోటీలో ఆవిడ గినీపిగ్ కూడా ఉంది.

"కూర్చో వదినా. వాణ్ణి చూడ్డానికేగా వచ్చావు, చూడు" అంది ఆర్డిస్.

ఒక్కో రబ్బరు బ్యాండూ తీసి, కాగితం విప్పి, పాయని చిక్కు లేకుండా వేళ్ళతో జారవిడుస్తోంది. ఏడు చుట్టలు సాఫీగా వచ్చాయి. ఆ పొడుగు చూసి లవోన్ పెదవి కొరుక్కుంది. ఎనిమిదోది ఎడమ తొడ మీదిది. బ్యాండు ముట్టుకోగానే డీకన్ కీచుమని అరిచి ఆర్డిస్ బొటనవేలు పళ్ళతో పట్టుకున్నాడు. రెండేళ్ళలో వాడు ఎవర్నీ కరవలేదు.

ఆమె కత్తెర కొసతో బ్యాండు తెంపి, కాగితం మెల్లగా ఊడదీసింది. జుట్టు మొదట్లో, గోరంత మేర, చర్మం ఎర్రగా చితికి చెమ్మగా ఉంది. చుట్ట ఒంటికి అంటుకుపోయి, వాడు కదిలినప్పుడల్లా ఆ జుట్టుని కుదుళ్ళతో సహా లాగింది. ఎన్నాళ్ళుగా లాగిందో.

చుట్టింది తనే. బిగించింది తనే. కాగితానికీ చర్మానికీ మధ్య వేలు దూరేంత సందు వదలాలని మొదట్లో వదిలేది. కిందటేడు క్లబ్బులో లవోన్ అందర్నీ చుట్టూ కూర్చోబెట్టి, సందు వదిలితే గడ్డి దూరుతుంది, మొదలంటా చుట్టండి, అప్పుడే కొస నేల తాకుతుంది అని నేర్పింది. ఆర్డిస్ నేర్చుకుంది. గెలిచింది కూడా.

లవోన్ మెడ చాచి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకుంది. "ఇంతేనా. మొక్కజొన్న పిండి అద్దు, ఆరిపోతుంది. పైజుట్టు కప్పేస్తుంది. జడ్జి కొసలు కొలుస్తాడు గానీ మొదళ్ళు చూస్తాడా?"

"దువ్వితే వీడు అరుస్తాడు."

"అయితే తీసుకురాకు. జలుబు చేసిందని నేను చెప్తాను. వచ్చే ఏడు మళ్ళీ మొదలుపెట్టుకో."

"జలుబు లేదు వదినా. పుండు ఉంది."

"ఆ మాటే బయట అనకు అంటున్నాను. నా దగ్గర చుట్టడం నేర్చుకున్నవాళ్ళు పద్నాలుగు మంది ఉన్నారు ఆర్డిస్."

"వాళ్ళ కాగితాల కింద ఎవరైనా చూశారా?"

లవోన్ పై పళ్ళెం మీది మూత సరిచేసింది.

ఆర్డిస్ మిగతా మూడు చుట్టలూ విప్పి డీకన్‌ని సింకులోకి దించింది. ఒక చెయ్యి వాడి రొమ్ము కింద పెట్టి, చెవుల్లోకి నీళ్ళు పోకుండా మెడ దగ్గర్నుంచి వెనక్కి గ్లాసుతో పోసింది. పసిపిల్లల షాంపూ అరచేతిలోనే నురగ చేసి, పుండు చుట్టూ తప్పించి, పాయలు పాయలుగా పామింది. తడిసిన జుట్టు సింకంతా పరుచుకుంది. మూడుసార్లు కడిగి, తువ్వాలుతో నీళ్ళు అద్ది, డ్రయ్యరు సన్నగా పెట్టి దూరం నుంచి ఆరబెట్టింది. అంతసేపూ లవోన్ లేవలేదు. జుట్టు ఆరి తెలుపూ మట్టిరంగూ కలిసి మెరుస్తూ బల్ల అంచు దాటి వేలాడింది. ఇంత పొడుగు ఎప్పుడూ లేదు. ఇద్దరికీ తెలుస్తూనే ఉంది, రేపు దీన్ని మించింది లేదని.

ఆర్డిస్ కత్తెర తీసుకుంది.

"ఆ ఒక్క పాయే తియ్యి. మతి పోయిందా నీకు" అంది లవోన్.

"ఒక్క పాయ తీస్తే పుండు దాచినట్టు. మొత్తం తీస్తే పుండు మాన్పినట్టు."

"రెండేళ్ళ కష్టం అది."

"వాడి కష్టం కూడా."

మొదటి పాయ తెగి బల్ల మీద పడింది. ఆర్డిస్‌కి కళ్ళు మండాయి. చెయ్యి ఆపలేదు. చర్మానికి అంగుళం వదిలి చుట్టూ కత్తిరించుకుంటూ పోయింది. లవోన్ లేచి, తెచ్చిన పై పళ్ళెం మళ్ళీ చేతిలోకి తీసుకుని వెళ్ళిపోయింది.

పని అయ్యేసరికి డీకన్ తొక్క తీసిన బంగాళాదుంపలా ఉన్నాడు. నేల మీద వదిలితే రెండడుగులు వేసి ఆగాడు. ఏదో తక్కువైనట్టు వెనక్కి చూసుకున్నాడు. తర్వాత నాలుగు కాళ్ళూ ఒకేసారి గాల్లోకి లేపి గెంతాడు. ఇంకోసారి గెంతాడు. పొయ్యి దాకా గెంతుకుంటూ పోయి తిరిగొచ్చాడు.

గుమ్మంలో నిలబడి చూస్తున్న మైలో, "అక్క తెచ్చిన పై కూడా పట్టుకెళ్ళిపోయింది. సరే, రేపు ఖాళీయేగా, చేపలకి పోదామా?" అన్నాడు.

"జాతరకి పోతున్నాం. నీ మంచి చొక్కా వేసుకో."

మర్నాడు గినీపిగ్‌ల షెడ్డులో గోనెగుడ్డ పరిచిన చిన్న పలకలు ఆరు వరసగా పెట్టారు. ఐదింటి మీద ఐదు జుట్టు కుప్పలు. ఆరో దాని మీద డీకన్, కళ్ళూ చెవులూ కాళ్ళూ అన్నీ కనపడుతూ. వరస చివర వెండి కప్పు. జనం ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకున్నారు. "వీడెవడు, సైన్యంలో చేరాడా?" అన్నారెవరో.

పక్క రాష్ట్రం నుంచి వచ్చిన జడ్జి టాలఫ్సన్ సన్నగా, పొడుగ్గా ఉంటాడు. డీకన్ ముందు ఆగి కళ్ళజోడు సర్దుకున్నాడు.

"ఇది పొడుగు జుట్టు వరసండి."

"తెలుసండి."

"మరి జుట్టేది?"

ఆర్డిస్ కాగితపు సంచీ బల్ల మీద పెట్టింది. "ఇందులో ఉంది. నిన్న పొద్దుటిదాకా ఒంటి మీదే ఉంది." డీకన్‌ని పక్కకి తిప్పింది. "ఇందుకు తీశాను. మొదలంటా బిగించి చుట్టాను. నేనే."

నవ్వులు సగంలో ఆగాయి. జడ్జి పుండు చూశాడు. డీకన్‌ని ఎత్తి భుజాలూ వెన్నూ నొక్కి చూశాడు. "మిమ్మల్ని వరసలోంచి తీసేయక తప్పదు" అన్నాడు.

"తీసేయండి. కార్డు మీద కారణం రాయండి. జుట్టు లేదని కాదు, ఎందుకు లేదో రాయండి."

ఆయన పక్కన రాసుకునే ఆవిడకి చెప్పాడు. "చుట్ట బిగువుకి పుండు. యజమానే జుట్టు తీసేసింది. కండ, వెన్ను బహు బాగున్నాయి. పోటీకి అనర్హం."

కార్డు చేతికొచ్చినా ఆర్డిస్ కదల్లేదు. "మిగతా ఐదింటి మొదళ్ళు కూడా చూడండి."

"అలాంటి నియమం లేదు" అంది లవోన్, రెండో పలక వెనక నుంచి.

"చూడకూడదన్న నియమం కూడా లేదు లెండి" అని జడ్జి ఐదో పలకతో మొదలుపెట్టాడు. పాయ పక్కకి తీసి చూశాడు. శుభ్రంగా ఉంది. నాలుగో దాని కింద ఎర్రగా కమిలి ఉంది. పలకని జనం వైపు తిప్పాడు. మూడో దాని దగ్గర వంగాడో లేదో, లవోన్ తన గినీపిగ్‌ని పలకతో సహా ఎత్తుకుంది.

"ఈ ఉక్కకి దీనికి ఊపిరాడ్డం లేదు" అని, జనం దారి ఇస్తుంటే తలెత్తుకునే బయటికి నడిచింది.

ఆ ఏడు కప్పు, మొదళ్ళు శుభ్రంగా ఉన్న ఐదో పలకకి పోయింది. దాని జుట్టు నేలకి ఇంకా రెండంగుళాలు తక్కువే. కప్పు చేతులు మారుతుంటే ఆర్డిస్ చూడలేదనుకోవద్దు. చూసింది. దారిలో మైలో కొనిచ్చిన వేయించిన చీజ్ ముక్కలు ఒక్కటి కూడా ముట్టకుండా ఇంటికొచ్చింది.

వచ్చీ రాగానే కార్డు తీసి మైలోకిచ్చి, ముందుగది కిటికీ అద్దానికి లోపలి నుంచి అంటించమంది. రోడ్డు వైపుకి.

"రోడ్డు మీంచి అక్షరాలు కనపడతాయా?" అన్నాడు మైలో.

"ఆగి చూసేవాళ్ళకి కనపడతాయి."

ఆదివారం చర్చి వేళకి లవోన్ ట్రక్కు వచ్చింది. ఇంటి ముందుకి రాగానే నెమ్మదించింది, ఇంకాస్త నెమ్మదించి ఆగింది. ఆర్డిస్ అప్పుడే ఉప్పునీళ్ళతో డీకన్ పుండు కడిగి తుడుస్తోంది. తెర వెయ్యలేదు, చెయ్యి ఊపలేదు. డీకన్‌ని రెండు చేతులతో ఎత్తి, కార్డు పక్కన, కిటికీ గట్టు మీద కూర్చోబెట్టింది. మూతి గదిలోకి, నున్నగా కత్తిరించిన పిర్ర రోడ్డు మీదికి.

వాడు కారెట్ నములుతూ అలాగే కూర్చున్నాడు. ట్రక్కు కూడా చాలాసేపు అలాగే నిలబడింది.