తడిగొడుగుతో తగాదా

పొద్దున కాఫీ గ్లాసులు కడిగి బోర్లించగానే ఆ ఇంట్లో ముందుగది ఆఫీసైపోయేది. భోజనాల బల్లకి ఆ పక్క అన్నయ్య, ఈ పక్క వదిన, కిటికీ దగ్గర చిన్న బల్ల ముందు చిట్టి. చిట్టి పెళ్ళీడు దాటి చాలా కాలమైనా, ఆ వీధిలో అందరికీ చిట్టే. ముగ్గురూ కలిసి ఒక వీడియో గేమ్ తయారుచేస్తున్నారు. బొమ్మలు గీసేది వదిన. వాటిని కదిలించి, తలుపులు తెరిపించి, రైళ్ళు నడిపించేది అన్నయ్య. ఆ బొమ్మలు నోరు తెరిస్తే వచ్చే మాటలన్నీ చిట్టివి.

అందులో కాల్చుకోవడాలూ, గోడలు దూకడాలూ ఏమీ లేవు. ఒక రైల్వే స్టేషన్‌లో, పోయిన వస్తువులు దాచిపెట్టే గది. గేమ్ ఆడేవాళ్ళు ఆ గదిలో గుమాస్తా. ఎవరో వచ్చి గొడుగు పోయిందంటారు, ఇంకొకరు కళ్ళజోడంటారు. వాళ్ళు చెప్పేది విని, ఏది ఎవరిదో పోల్చుకుని ఇవ్వాలి. మాటలు వినడమే ఆట.

చిక్కంతా అక్కడే వచ్చింది. చిట్టికి మాటలంటే మహా మోజు. "నా గొడుగు పోయిందండీ" అంటే సరిపోయే చోట, ముసలాయన చేత వాన గురించీ, ఆ వానలో తడిసిన వీధి గురించీ, ఆ వీధిలో తనతో నడిచినావిడ గురించీ చెప్పించేది. వదిన ఆ పేజీ చదివి, కళ్ళజోడు పైకి తోసుకుని అడిగేది.

"ఈయన గొడుగు కోసం వచ్చాడా, సన్మానం చేయించుకోడానికి వచ్చాడా?"

"ఆయన బాధలో ఉన్నాడు వదినా!"

"బాధలో ఉన్నవాడికి ఇంత ఊపిరెక్కడిదమ్మా?"

అన్నయ్య ఏదో అర్జంటు పని ఉన్నట్టు చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకునేవాడు. ఒకవైపు తోడబుట్టింది, మరోవైపు కట్టుకున్నది. మనిషి ఏం చేస్తాడు?

ఎక్కువసార్లు వదినే గెలిచేది. చిట్టి గొణుక్కుంటూ కొన్ని వాక్యాలు చెరిపేసేది. చెరిపేసిన ప్రతి వాక్యమూ పిట్టై కీబోర్డు మీంచి లేచి, గదిలో ఒక చుట్టు చుట్టి, కిటికీలోంచి బయటికి పోయేది. చిన్న వాక్యాలు పిచుకంత ఉండేవి. విశేషణాలు మరీ ఎక్కువైనవాటికి బారెడు తోక. అవి ఎగరలేక ఎగిరి, ఎదురింటి పిట్టగోడ దాకా వెళ్ళి, అక్కడ కూర్చుని ఆయాసపడేవి. కూసినప్పుడల్లా తమ వాక్యాన్నే కూసేవి.

"చిట్టీ, నీ ఉపమానం ఒకటి మా దుప్పటి మీద రెట్ట వేసింది" అనేది పై అంతస్తు టీచరమ్మ, మెట్ల మీద ఎదురైనప్పుడు. "బట్టలారేసే వేళ కాకుండా చూసి చెరుపు తల్లీ."

"సారీ ఆంటీ, సాయంత్రాలు చెరుపుతాలెండి" అనేది చిట్టి.

గేమ్‌లో మొదటి భాగాన్ని జనం ఆడి చూడ్డానికి నెట్‌లో ఊరికే పెట్టారు. వారం తిరిగేసరికి దాని కింద పెద్ద తగువే లేచింది. సగంమంది ముసలాయన మాటలకి కళ్ళు తుడుచుకున్నామన్నారు. మిగతా సగంమంది, మనుషులెవరైనా ఇలా మాట్లాడతారా అని విరుచుకుపడ్డారు. ఆ రెండో గుంపుకి ముందు నడిచేది గేముల మీద రివ్యూలు రాసే ఒకావిడ. ఆవిడ రాతల్లో పెట్టుకున్న పేరు ముల్లు. ఆ పేరు చూస్తేనే గేములు తయారుచేసేవాళ్ళ గుండెలు జారేవి.

"గది బాగుంది, దీపం వెలుగు బాగుంది" అని రాసింది ముల్లు. "నోరు తెరిస్తేనే కష్టం. ఇందులో కళ్ళజోడు పోగొట్టుకున్నవాడు కూడా ఉపన్యాసం ఇస్తాడు. ఈ రచయిత ఎప్పుడైనా నలుగురు మాట్లాడుకునే చోట నిలబడి విన్నారా?"

దాని కింద, తడిగొడుగు అని పేరు పెట్టుకున్న ఇంకెవరో ఇలా జవాబిచ్చారు: "అబ్బే! నలుగురు మాట్లాడుకునేది వినాలంటే బస్టాండుకి పోతాను, గేమెందుకు? నోటి దాకా వచ్చి మింగేసిన మాటలుంటాయే, అవి చెప్పడానికే కథ. చెవుల్లో దూది పెట్టుకుని పుట్టినవాళ్ళకి అవి వినిపించవు."

ఇక చూడాలి. ముల్లు పొద్దున గుచ్చితే మధ్యాహ్నానికల్లా తడిగొడుగు విప్పుకునేది. ఒక్కో వాక్యాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఇద్దరూ కోసి చూసేవాళ్ళు. వాళ్ళ పోట్లాట చూడ్డానికే కొత్తవాళ్ళు వచ్చి, వచ్చినవాళ్ళు గేమ్ ఆడి, తామూ ఓ మాట విసిరిపోయేవారు.

"తిట్టుకోనీ, మన గేమ్ పేరు మోగిపోతోంది" అని అన్నయ్య సంబరపడ్డాడు. వదిన పైకి ఏమీ అనలేదు గానీ, కూర తరుగుతూ కూడా ఫోన్‌లో ఆ తగువే చదువుకుని ముసిముసిగా నవ్వుకునేది.

చిట్టికి మాత్రం ముల్లు మాటలే లోపల దిగాయి. తడిగొడుగు ఎన్ని మెచ్చుకోళ్ళు కురిపించినా పైపైన జారిపోయాయి. నలుగురు మాట్లాడుకునే చోట విన్నావా అన్న ప్రశ్న కంట్లో నలుసులా ఉండిపోయింది. కూరగాయల దుకాణంలో నిలబడితే, "వంకాయలెంత?" అనడానిక్కూడా గొంతు పెగిలేది కాదు. మామూలు మనుషులు ఈ మాట ఎలా అంటారో అని అనుమానం.

ఒక మధ్యాహ్నం వదిన కళ్ళజోడు మార్పించడానికి అన్నయ్యా వదినా బజారుకి వెళ్ళారు. చిట్టి లేచి, పాపం పిట్టలకి తగులుతుందని ఫ్యాన్ ఆపేసింది. కిటికీ రెక్కలు రెండూ బార్లా తెరిచింది. గేమ్‌లోని మాటలన్నీ, నెట్‌లో పెట్టినవాటితో సహా, ఒక్కసారిగా ఎంచి, చెరిపేసింది.

గదంతా రెక్కలే. కాగితాలు లేచాయి, గ్లాసు దొర్లింది, గోడ మీది క్యాలెండరు తిరగబడింది. చిట్టి బల్ల కింద దూరి చెవులు మూసుకుంది. పిట్టలు సద్దుమణిగాక బయటికి చూస్తే, వీధి పొడవునా కరెంటు తీగలు వాటి బరువుకి కిందికి వేలాడుతున్నాయి. వాన గురించి ఒకటీ, కళ్ళజోడు గురించి ఒకటీ, ఎవరి మాట వాళ్ళదన్నట్టు అన్నీ ఒకేసారి కూస్తున్నాయి.

వీధి మలుపు తిరగ్గానే వదినకి సంగతి అర్థమైంది. అన్నయ్యని వెనకే వదిలేసి, రొప్పుతూ మెట్లెక్కి వచ్చింది.

"మతి పోయిందా నీకు?"

"నువ్వే కదా ఎప్పుడూ తీసెయ్, తీసెయ్ అంటావు!"

"గోళ్ళు తీసుకోమంటే వేళ్ళు కోసుకుంటారా ఎవరైనా?"

అన్నయ్య వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "నా దగ్గర నిన్నటి కాపీ ఉంది. క్షణంలో పెట్టేస్తాను" అన్నాడు.

"వద్దు" అంది వదిన. "రాసింది తను. తను పెట్టమంటేనే పెట్టు."

తర్వాత కింద కూర్చుని చెల్లాచెదురైన కాగితాలు ఏరుతూ, ఎవరివైపూ చూడకుండా అంది. "ముసలాయన మాటలు కత్తిరించమని నీ ప్రాణం తీశాను, నిజమే. కానీ ఆయన మొహం గీసేటప్పుడు ఆ పేజీ అంతా ఎదురుగా గోడకి అంటించుకునే గీశాను. లేకపోతే ఆ కళ్ళు నాకెక్కణ్ణుంచి వస్తాయి?"

చిట్టికి ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. అయినా పెట్టమని అనలేదు.

మర్నాడు వదిన వంటింట్లో ఉండగా తలుపు కొట్టిన చప్పుడైంది. చిట్టి తీసింది. గుమ్మంలో ఒక పెద్దావిడ, తలంతా నెరుపు, చంకలో హెల్మెట్, భుజం మీద మట్టిరంగు పిట్ట ఒకటి.

"రైల్వే స్టేషన్ గేమ్ వాళ్ళ ఇల్లు ఇదేనా? తీగల మీది పిట్టల కూత విని వచ్చాను. నన్ను ముల్లు అంటారు."

తలుపు వేసెయ్యాలో, మంచినీళ్ళివ్వాలో చిట్టికి తోచలేదు. మంచినీళ్ళే ఇచ్చింది. చప్పుడు విని వదిన చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీ జరిపింది. అన్నయ్య హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు.

"మాటలన్నీ ఎందుకు తీసేశావమ్మా?" అంది ముల్లు, నీళ్ళు ఒక్క గుక్కలో తాగేసి.

"మీరు రాసింది నిజమే అనిపించిందండీ."

"నిజమే. బాలేదన్నాను. కానీ బాలేదని చెప్పుకోడానికైనా అది ఉండాలా వద్దా? నిన్నట్నుంచి బొమ్మలు ఊరికే నోరు తెరిచి మూస్తున్నాయి. తడిగొడుగు దగ్గర్నుంచి ఉలుకూ పలుకూ లేదు."

"తడిగొడుగుతో మీకేం పని?" అంది వదిన.

ముల్లు హెల్మెట్ బెల్టు వేలికి చుట్టుకుంది, విప్పింది. "మా అక్క."

అన్నయ్య మెడలోని హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టేశాడు.

"చెవుల్లో దూది పెట్టుకుని పుట్టావే అని మా అమ్మ నన్ను తిట్టేది. ఆ తిట్టు మా ఇల్లు దాటి బయటికి పోలేదు. అది చదవగానే ఎవరో తెలిసిపోయింది."

"మరి ముల్లంటే మీరని ఆవిడకి తెలుసా?" అంది చిట్టి.

"తెలియకపోతే మాటకి ముందొక అబ్బే ఎందుకు పెడుతుంది? అది నాకోసం దాచిపెట్టుకున్న అబ్బే." ముల్లు నవ్వబోయి ఆగింది. "అమ్మ పోయినప్పుడు అందరి ముందూ మా అక్క ఒకటి రాసి చదివింది. చంద్రుడన్నది, సముద్రమన్నది. అమ్మ వింటే నవ్వేదన్నాను, అక్కడే, అందరి ముందే. ఆ రోజు నుంచి మాటల్లేవు. నేనన్నది తప్పు కాదు, ఇప్పటికీ అంటాను. అన్న చోటే తప్పు. ఇన్నేళ్ళ తర్వాత, మీ గేమ్ పుణ్యమా అని మళ్ళీ రోజూ పోట్లాడుకుంటున్నాం. పొద్దున్నే లేవబుద్ధవుతోంది నాకు."

చిట్టి ఇక ఆలోచించలేదు. "అన్నయ్యా, పెట్టెయ్."

"అంతానా?" అంది వదిన.

"అంతా. మనం తర్వాత పోట్లాడుకుందాం."

అన్నయ్య వేళ్ళు కీబోర్డు మీద కదిలాయి. తీగల మీది పిట్టలు ఒక్కొక్కటీ లేచి, కిటికీలోంచి వచ్చి స్క్రీన్‌లోకి దూరసాగాయి. బారెడు తోకలవి కిటికీ చువ్వల్లో చిక్కుకుంటే, వదినే వెళ్ళి విడిపించి లోపలికి తోసింది.

ముల్లు భుజం మీదిది మాత్రం కదల్లేదు.

"ఇదీ మీదేనా? గేమ్ బయటికొచ్చిన దగ్గర్నుంచి మా వరండాలోనే ఉంటోంది. దీని పోరు పడలేకే ఇవాళ బండి తీశాను. మా అక్క ఇల్లు ఈ వెనక వీధే. గేటు దాకా వెళ్ళి, ధైర్యం చాలక ఇటు తిప్పేశాను."

చిట్టి దగ్గరికెళ్ళి చూసింది. నిన్నటి మందలోది కాదు. మొదట్లో, వదినకి చూపించకుండా తనంతట తనే చెరిపేసిన వాక్యం. గొడుగు దొరికిన మర్నాడు ముసలాయన మళ్ళీ వస్తాడు. మళ్ళీ ఏం పోయిందండీ అని గుమాస్తా అడిగితే ఆయనిచ్చే జవాబు. దాన్ని తీసేసి, ఆ చోట ఒక పేజీ నింపింది.

పిట్ట మెడ తిప్పి కూసింది. "ఏం లేదు, ఊరికే వచ్చాను."

"ఇది నాకు చూపించనేలేదే!" అంది వదిన.

"మరీ మామూలుగా ఉందని తీసేశా."

వదినా ముల్లూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వేశారు. చిట్టికి ఒళ్ళు మండింది గానీ, తనకీ నవ్వొచ్చింది.

"నాతో రా అమ్మా" అంది ముల్లు లేచి. "పక్కన ఎవరో ఒకరుంటే మళ్ళీ తిరిగొచ్చెయ్యను."

"పూసగుచ్చినట్టు చెప్పాలి నాకు" అని వదిన మెట్ల దాకా వచ్చి మరీ పంపింది.

అక్క ఉండేది ఒక మేడ మీద. కింద ఇరుకు సందులో ముల్లు బండి ఆపి, హెల్మెట్ తియ్యకుండానే మెట్లెక్కింది. వెనక చిట్టి. తలుపు దగ్గరగా వేసుంది. తట్టగానే తెరుచుకుంది. అక్క ముల్లు కంటే పొట్టి, ముల్లు కంటే గుండ్రం. వెనక కంప్యూటర్‌లో స్టేషన్ గది, కిటికీ ముందు ముసలాయన.

ముల్లు హెల్మెట్ తీసింది. ఎన్నో గేముల్ని ఒక్క వాక్యంతో పడగొట్టిన మనిషి, పెదవులు తడుపుకుంటూ నిలబడిపోయింది. చిట్టికి ఆ ఘట్టానికి సరిపడా మాటలు లోపల్నుంచి బిలబిలా తన్నుకొచ్చాయి, చంద్రుడితో సహా. పళ్ళు బిగించి ఆపుకుంది.

"ఏంటి?" అంది అక్క.

"ఏం లేదు" అంది ముల్లు. "ఊరికే వచ్చాను."

అప్పటిదాకా ఆవిడ భుజం మీదున్న పిట్ట ఇప్పుడు లేదు. ఎవరూ దానికోసం చూడనూ లేదు. అక్క కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడిచింది, పెట్టుకుంది, మళ్ళీ తీసి తుడిచింది.

"ఊరికే వచ్చేదానివి, ఇన్నాళ్ళూ రావడానికేం?" గొంతు సవరించుకుని చిట్టి వైపు తిరిగింది. "ఈ అమ్మాయెవరు?"

"ఆ గేమ్ రాసిన పిల్ల."

"నువ్వేనా తల్లీ!" అక్క చిట్టి రెండు చేతులూ పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది. "నిన్నంతా ఈ ముసలాయన నోరు తెరిచి మూస్తున్నాడు, నా ప్రాణం ఉసూరుమంది. ఇదిగో, ఇప్పుడే మాటలొచ్చాయి. ఆ తడిసిన వీధి గురించి చెప్పేది చూడు, ఎంత బాగుంటుందో!"

"సగం తీసెయ్యొచ్చు" అంది ముల్లు, ఆవిడ వెనకే వస్తూ.

"అబ్బే! అక్షరం ముట్టుకుంటే ఊరుకోను."

"వీధి తడిసిందని చెప్పాక, మళ్ళీ దీపాలు నీళ్ళలో వణికాయని ఎందుకూ?"

"వణికాయి కాబట్టి!"

ఉన్న ఒక్క కుర్చీలో అక్క సగం జరిగింది. ముల్లు మిగతా సగంలో ఇరుక్కుని కూర్చుంది. భుజాలు రాసుకుంటూ, ఒకరి చేతిలోంచి ఒకరు మౌస్ లాక్కుంటూ వాక్యం వాక్యానికీ కొట్టుకోసాగారు. రాసిన మనిషి అక్కడే నిలబడి ఉన్నా, నీ ఉద్దేశమేంటని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. చిట్టి గోడకి చేరబడి వింది. ఒకరి మాట పూర్తికాకుండానే ఒకరు అందుకుంటున్నారు, తిడుతూ తిడుతూ మధ్యలో టీ తాగుతావా అంటున్నారు, చక్కెర ఎంతో అడక్కుండానే వేస్తున్నారు. ఎంత విన్నా తనివి తీరలేదు.

కింద ఎవరో ఆగకుండా హారన్ కొట్టారు.

"బండి దారికడ్డంగా పెట్టుంటావు, నీ బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అంది అక్క, స్క్రీన్ మీంచి చూపు తిప్పకుండా. "గేటు లోపల పెట్టి తాళం వేసి రా. పై గదిలో పక్క వేస్తాను. ఈ భాగం అయ్యేసరికి ఏ వేళవుతుందో."

ముల్లు తాళంచెవి పట్టుకుని, చిన్నపిల్లలా మెట్లు దూకుతూ దిగింది. ఆ బండి ఇప్పటికీ ఆ గేటు లోపలే ఉంటోంది.