పసుపు పూసిన పెన్‌డ్రైవ్

నేను ఒక పెన్‌డ్రైవ్‌ని. బొటనవేలంత ఒళ్లు. ఎక్కడో పరాయి దేశపు ఫ్యాక్టరీలో పుట్టి, చీరాలలో ఒక బ్లడ్ బ్యాంకుకు వచ్చిపడ్డాను. అక్కడి కంప్యూటర్ ఆపరేటర్ రత్నకుమారి ప్రతి శనివారం రక్తదాతల జాబితా మొత్తం నాలోకి ఎక్కించేది. కంప్యూటర్‌కు ఏమైనా అయితే ఆ పేర్లన్నీ తిరిగి అప్పజెప్పడమే నా ఉద్యోగం. ఆరేళ్లు ఒక్క మాట పడకుండా చేశాను.

మొన్న దసరాకి ఆయుధపూజ చేశారు. రత్నకుమారికి భక్తి ఎక్కువ. తడి పసుపు నా మూతికంతా పూసి, కుంకుమబొట్టు పెట్టి, దుర్గమ్మ పటం ముందు కూర్చోబెట్టింది. "ఇంక అమ్మే చూసుకుంటుందిలే" అంది. తర్వాత నన్ను అక్కణ్నుంచి తీయడానికి చేయి రాలేదు. అలా ఎనిమిది శనివారాలు పోయాయి. దండం పెట్టి పని మాన్పించడం మనుషులకు భలే చేతనవును!

నిన్న సాఫ్ట్‌వేర్ మార్చారు. పాతదానితోపాటు జాబితా కూడా ఎగిరిపోయింది. కొత్తది తెరిస్తే ఒక్క పేరూ లేదు. సరిగ్గా అప్పుడే ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ ఫోను.

"బాలింతకి రక్తం ఆగట్లేదు. ఎక్కడో ఒకరికి ఉండే బాంబే బ్లడ్ గ్రూపమ్మా, ఇంకోటి ఎక్కించకూడదు. మీ దగ్గర ఒకాయన ఉన్నాడుగా, తొందరగా పిలిపించు!"

అప్పుడు గుర్తొచ్చాను నేను. కంప్యూటర్‌కు గుచ్చితే మూతిలో ఎండిన పసుపు అడ్డం. రత్నకుమారి పిన్నీసు పెట్టి గీకింది. నాలుగోసారికి పట్టాను. జాబితా తిరిగి ఎక్కుతున్నంతసేపూ ఆమె తెరమీది అంకెల్నే చూస్తూ కూర్చుంది. నాకూ భయం వేసింది, దాచుకోవడమెందుకు?

పేరు దొరికింది. బుర్లె పోలయ్య, వేటపాలెం. ఫోను ఆయన భార్య ఎత్తింది.

"ఆయన పోయి నెలయిందమ్మా. అప్పుడే మీకు చెప్పాంగా! మా ఆడబిడ్డదీ అదే రక్తమని, మీ దగ్గరకొచ్చి పేరు గూడా రాయించిందే!"

ఆ పేరు కంప్యూటర్‌లో రాసుకున్నది రత్నకుమారే. దాన్ని నాలోకి ఎక్కించనిదీ తనే. వెక్కి వెక్కి ఏడ్చింది.

"ఏడవబాకమ్మా. ఆ పిల్ల ఇక్కడే ఉంది, ఆటో ఎక్కించి నేనే తీసుకొస్తా" అంది ఆ ఇల్లాలు.

తీసుకొచ్చింది. బాలింత బతికింది. రత్నకుమారి నన్ను శుభ్రంగా తుడిచి సొరుగులో పెట్టుకుంది. ఇక శనివారం తప్పనని ఒట్టు కూడా పెట్టుకుంది.

మంచిదే. కానీ ఆ ఎనిమిది వారాల్లో వచ్చి పేరు రాయించుకుని వెళ్లినవాళ్ల సంగతి? అవసరమైతే పిలుస్తారులే అని ఎవరి ఇళ్లల్లో వాళ్లు ధీమాగా ఉన్నారు. వాళ్లెవరో నాకు తెలియదు.