నడిమి స్తంభం జరిపిందెవరు

మొగుడి చొక్కా ఇస్త్రీ చేస్తూ ఆమె ఫోనుకి వంతెన గురించి చెబుతోంది. ఫోను తెరమీద ఒక హాలు, హాలు నిండా జనం. కొందరు ఆవలిస్తున్నారు, కొందరు గుసగుసలాడుకుంటున్నారు. ఆమె తొందరపడగానే, ఉత్తుత్తి జనాన్ని పెట్టి సభలో మాట్లాడడం నేర్పే ఆ యాప్ మెత్తగా హెచ్చరించింది: "కాస్త నెమ్మదిగా చెప్పండి. ఊపిరి తీసుకోండి." ఆ ఇంట్లో ఆమెని అండీ అన్నది అదొక్కటే.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఒకే ఆఫీసులో వంతెనల ఇంజనీర్లు. లెక్కలన్నీ ఆమెవి, మైకు ఆయనది. కిందటేడు ఇంకో వంతెన గురించి జరిగిన సమావేశంలో ఆమె మాట్లాడబోతే మొదటి వాక్యమే తడబడింది, చేతిలో కాగితాలు జారి కిందపడ్డాయి. ఆయన లేచి, "మా ఆవిడకి చేతులు పనిచేసినట్టు నోరు పనిచెయ్యదు" అన్నాడు. హాలంతా నవ్వింది. ఆ వంతెన పనికి ఆయనకి ప్రమోషన్ వచ్చింది. ఆడదానికి మైకెందుకమ్మా, నీ మాట వినడానికి ఇంట్లో మేం లేమా అని అత్తగారు ఓదార్చింది. అంటూనే టీవీ సౌండు పెంచింది.

ఆ నవ్వు ఆమె మర్చిపోలేదు. కూరలు తరుగుతూ, బట్టలు ఆరేస్తూ యాప్‌లోని జనంతో మాట్లాడింది. వాళ్ళచేత ఎగతాళి చేయించుకుంది, అడ్డమైన ప్రశ్నలన్నీ వేయించుకుంది. మొదట్లో ఏడుపొచ్చేది. పోనుపోను, వాళ్ళు నవ్వుతుంటే ఆగి, ఆ నవ్వు అయ్యేదాకా చూస్తూ నిలబడడం వచ్చింది.

ఈసారి కొత్త వంతెనకి కూడా ఆయన ఉపన్యాసం ఆమే రాసిచ్చింది. ప్రశ్నలొస్తే ఏం చెప్పాలో మాత్రం ఎప్పట్లా కూర్చోబెట్టి నేర్పలేదు. అడిగితే, తలనొప్పి అంది.

సభలో చీఫ్ ఇంజనీరు, నడిమి స్తంభాన్ని ముందనుకున్న చోటు నుంచి పక్కకెందుకు జరిపారని అడిగాడు. ఆయన నీళ్ళు నమిలాడు. పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కదల్లేదు. ఆ తడబాటుని కరువుతీరా అనుభవించింది. చివరికి ఆయన నవ్వు పులుముకుని, "ఆ లెక్క మా ఆవిడ చూసింది. పాపం, తనకి నలుగురిలో మాట్లాడాలంటే భయం" అన్నాడు.

ఆమె లేచింది. ఊపిరి తీసుకుని మైకు అందుకుంది.

"ఆ స్తంభం జరిపింది నేను. ఎందుకో మావారికి తెలీదు. ఈ లెక్కల్లో ఒక్కటీ ఆయన చేసింది కాదు."

ఎవరూ నవ్వలేదు. ఏటి అడుగున మట్టి ఎక్కడ కోసుకుపోతోందో, పాత చోటే కట్టి ఉంటే ఏమయ్యేదో తీరిగ్గా విడమరిచి చెప్పింది.

తిరిగొస్తూ కారులో ఆయన స్టీరింగ్ మీద గుద్దాడు. నలుగురిలో పరువు తీశావన్నాడు. ఒక్క ముక్క ముందే చెబితే నీ సొమ్మేం పోయేదన్నాడు.

ఆమె అద్దం దించుకుని, మొహానికి గాలి తగలనిచ్చింది.

"ఇకనుంచి నన్నే మాట్లాడమన్నారు చీఫ్‌గారు. మిమ్మల్ని ఏ పనిలో పెట్టమంటారని కూడా నన్నే అడిగారు. ఆలోచించి చెప్తానన్నాను."