తిరగని హ్యాండిల్

ముందు వదిన ఊపిరి. వెనక నా ముఖం.

తెల్లటి ఊపిరి. ఆమె నోట్లోంచి బయటికొస్తుంది, కుడి భుజం దాటుతుంది, నా బుగ్గ మీద విరుగుతుంది. ఒక్క క్షణం వెచ్చన. ఆ వెంటనే చలి. మళ్ళీ ఇంకో ఊపిరి. అందులో లవంగం వాసన — చలిలో బయల్దేరిన ప్రతిసారీ వదిన బుగ్గన ఒక లవంగం పెట్టుకుంటుంది.

ఏడాదిలో ఆఖరి ఆదివారం. పొద్దున్న ఏడు. గడ్డి మీద మంచు ఉప్పు చల్లినట్టు ఉంది.

రెండు సీట్లు, నాలుగు పెడళ్ళు, ఒకటే సైకిల్. ముందు వదిన, వెనక నేను. ఇద్దరి పెడళ్ళనీ ఒక గొలుసు కలుపుతుంది. ఆమె కాలు లేస్తే నా కాలు లేవాలి. ముందున్న హ్యాండిల్ తిరుగుతుంది. బ్రేకులూ అక్కడే. నా హ్యాండిల్ తిరగదు, ఊరికే పట్టుకోవడానికి. దానికి ఒక బెల్లు మాత్రం ఉంది. నీకూ కాస్త అధికారం ఉండాలి కదా అని వదినే బిగించింది.

"లగేజీ, సర్దుకున్నావా?" వెనక కూర్చున్న నాకు వదిన పెట్టిన పేరు అది.

"సర్దుకున్నా వదినా."

"అయితే... ఒకటి, రెండు, ఊఁ."

గేటు దగ్గర అన్నయ్య, దుప్పటి కప్పుకొని, కాఫీ కప్పుతో. "ఇందులో ఎవరు తొక్కుతున్నారో, ఎవరు కునుకు తీస్తున్నారో దేవుడికెరుక," అన్నాడు. ప్రతి ఆదివారం అనే మాటే. ప్రతి ఆదివారం వదిన నవ్వుతుంది.

ఇవాళ నవ్వలేదు.

వీధి ఇంకా లేవలేదు. మూసిన షట్టర్లు. పాలవ్యాను వదిలిపోయిన చక్రాల గీతలు. బేకరీ గోడలోని గొట్టం ఒక్కటే పొగ కక్కుతోంది. ఆ వెచ్చటి పొగలోకి దూసుకుపోయాం. అవతలికి రాగానే చలి చెంప ఛెళ్ళుమనిపించింది.

ఎంత బాగుంటుందో.

చెవులు లేవు. ముక్కు లేదు. వేళ్ళు ఎవరివో. ఒళ్ళంతా చలికి ఇచ్చేశాక మిగిలేది గుండె ఒక్కటే... అది ఎగురుతోంది. తొక్కు. తొక్కు. తొక్కు.

ఏడాదిలో తిరిగిన దారులు ఎన్నో. చూసింది మాత్రం ఒక్కటే. వదిన వీపు.

జనవరిలో ఆ వీపు నీలం ఉన్ని స్వెటరు. ఎడమ భుజం దగ్గర ఒక పోగు ఊడి వేలాడేది. భయం వేసినప్పుడల్లా ఆ పోగునే చూసేదాన్ని. ఫిబ్రవరిలో సైకిల్ షాపు ముందు పడ్డాం — కదులుతూ కాదు, నిలబడి ఉండగానే, చెరోవైపు దిగబోయి. షాపాయన మర్యాదస్తుడు. లోపలికెళ్ళి నవ్వుకొని వచ్చాడు. ఎండాకాలంలో ఆ వీపు మీద చెమట ఒక దేశపటం. బయల్దేరినప్పుడు చిన్న ద్వీపం, మెట్ట మొదట్లో ఖండం, పైకి చేరేసరికి అంతా సముద్రమే. వానల్లో పసుపు రెయిన్‌కోటు. దాని మీంచి జారిన నీళ్ళన్నీ నా ఒళ్ళోకి. "వానాకాలం చదువు విన్నాను గానీ వానాకాలం తొక్కుడు ఇదే చూడటం," అన్నాడు అన్నయ్య, తువ్వాళ్ళు అందిస్తూ.

తర్వాత అక్టోబరు.

అక్టోబరులో ఎదురుగాలి మొదలైంది.

ఆ గాలి సంగతే వేరు. పోతుంటే ఎదురు. తిరిగొస్తుంటే ఎదురు. "ఇదేం గాలి వదినా, ఎటు తిరిగితే అటే ఉంది," అనేదాన్ని. "ఈ ఏడు గాలే అంత," అనేది వదిన, తల తిప్పకుండా. నేను పళ్ళు బిగించి తొక్కేదాన్ని. తొడలు రాళ్ళయ్యాయి. ఆకలి రెట్టింపయింది. రాత్రి పడుకుంటే నిద్ర బావిలోకి చేద వదిలినట్టు సర్రున దిగేది. ఆ గాలిని తిట్టుకుంటూనే ప్రేమించాను.

నా ఉద్యోగం జనం చెవులు పరీక్షించడం. మెత్తటి గోడల చిన్న గది. అందులో ఒక మనిషి, చెవులకి హెడ్‌ఫోన్లు. అద్దానికి ఇవతల నేను, నా బటన్లు. శబ్దం వినిపిస్తే వేలెత్తాలి. తగ్గిస్తూ పోతాను, తగ్గిస్తూ పోతాను... చివరికి ఏమీ పంపను. అయినా కొందరు వేలెత్తుతారు. మొన్న ఒక రిటైరైన రైలు డ్రైవరు, నేను చేతులు కట్టుకు కూర్చుంటే, నిదానంగా వేలెత్తాడు. "చాలా దూరం నుంచి వచ్చింది," అన్నాడు.

అది అబద్ధం కాదు. ఎదురుచూసే చెవి ఖాళీగా ఉండలేదు.

మా గొలుసు కూడా ఆ హెడ్‌ఫోన్ల తీగ లాంటిదే అనుకునేదాన్ని. వదిన కోపం, వదిన తొందర, వదినకి నిద్ర చాలకపోవడం, అన్నీ ఆ గొలుసులోంచి నా అరికాళ్ళకి తెలుస్తాయని. అంత గట్టిగా నమ్మాను.

మిల్లు గోడ వచ్చింది.

కళ్ళు మూసుకున్నాను. ఏడాదంతా ఇక్కడ మూసుకున్నట్టే.

మెట్ట మీంచి దిగితే ఈ గోడే ఎదురొస్తుంది. ఎడమకి తిరిగితే ఇల్లు. కుడికి తిరిగితే ఏటి దారి. రెండేళ్ళ కిందట ఒక సాయంత్రం, ఒంటరిగా, నా సైకిల్ మీద దిగుతున్నాను. ఇల్లు కావాలి. ఏరూ కావాలి. రెండూ కావాలనుకున్న చేతులు ఏ వైపూ తిప్పలేదు. తిన్నగా వెళ్ళి గోడకి గుద్దుకున్నాను. భుజం ఎముక విరిగింది. ఎముక నెలన్నరలో అతుక్కుంది. చేతులు అతుక్కోలేదు. తిరిగే హ్యాండిల్ ఏది పట్టుకున్నా కర్రల్లా బిగుసుకుపోయేవి.

అలా ఏడాది గడిచాక వదిన ఈ పాత సైకిల్ పట్టుకొచ్చింది.

"తిరగని హ్యాండిల్ తెచ్చాను నీకు. దీంతో ఏ గోడనీ గుద్దలేవు."

కళ్ళు తెరిచేసరికి మెట్ట మీద ఉన్నాం.

ఎక్కుడు. నిటారు ఎక్కుడు. బరువు... ఇవాళ మరీ బరువు. సీటు మీంచి లేచాను. తొక్కు. వదిన ఊపిరి తెల్లగా, పొట్టిగా, తెగిపోతూ. తొక్కు. నా ఊపిరి దానికి రెట్టింపు. కళ్ళల్లో నీళ్ళు, పెదాల మీద ఉప్పు, చెవుల్లో రక్తం చప్పుడు. ఒక విద్యుత్ స్తంభం. ఇంకో స్తంభం. ఆఖరి స్తంభం. తొక్కు... తొక్కు... పైన నీళ్ళ ట్యాంకు, దాని మీద అప్పుడే పడ్డ ఎండ.

వచ్చేశాం.

ఆగుతుంటే సైకిల్ ఒరిగింది. ఎప్పుడూ ముందున్న వదినే కాళ్ళు ఆనించి బరువంతా ఆపుతుంది. ఇవాళ ఆమె కుడి కాలు మడిచిన కాగితంలా వంగింది. నేను దూకి పట్టుకున్నాను.

"మంచుకి జారింది," అంది. ఫ్లాస్కు తీసింది.

కింద ఊరంతా తెల్లగా. మిల్లు గొట్టంలోంచి పొగ. ఆ పొగ తిన్నగా పైకి పోతోంది, గోడకి కొట్టిన సున్నం గీతలా. ఇటు వంగలేదు. అటు వంగలేదు.

చూస్తూ నిలబడ్డాను. ఏదో ఒకటి లోపల మెల్లగా వేలెత్తింది.

"వదినా, ఇవాళ గాలి లేదు."

"లేదు."

"మరి మెట్ట ఎందుకంత బరువుంది?"

వదిన ఫ్లాస్కు మూత బిగించింది. మళ్ళీ విప్పింది.

"గాలి ఎప్పుడూ లేదమ్మాయ్. ఆ గాలి నేనే."

కుడి మోకాలు. అక్టోబరు నుంచి. మెట్లెక్కితే నొప్పి, మెట్లు దిగితే నొప్పి, పెడల్ మీద బలం పెడితే ప్రాణం పోయేంత నొప్పి. అందుకని బలం పెట్టలేదు. పాదాలు పెడళ్ళ మీద పెట్టుకొని కూర్చుంది. నేను తిప్పుతుంటే అవి తిరిగాయి.

"మెట్ట కూడానా?"

"మెట్టే ముఖ్యంగా."

"చెప్పొచ్చు కదా."

"చెబితే తొక్కేదానివా? దిగి నడుద్దాం వదినా అనేదానివి. నీ సంగతి నాకు తెలీదూ?"

వచ్చే బుధవారం ఆపరేషన్. ఆ తర్వాత సైకిల్ ఎక్కనిస్తారో లేదో డాక్టరు చెప్పలేదు. వదిన అడగలేదు.

కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దాని వెనకే ఇంకోటి, దాన్ని తోసుకుంటూ... అక్టోబరు వెనక్కి వచ్చింది. నవంబరు వచ్చింది. ఏటి వంతెన ఎక్కుడు, రైలు పట్టాల పక్క దారి, వెన్నులో వణుకు పుట్టించిన ఆ పొగమంచు పొద్దు, అన్నీ వరసగా వెనక్కి వచ్చి నా కాళ్ళ ముందు నిలబడ్డాయి. పదమూడు ఆదివారాలు. ఇద్దరు మనుషులు. రెండు కాళ్ళు.

నావి.

నవ్వొచ్చింది. ఆగలేదు. నీళ్ళ ట్యాంకు కింద, టీ ఒలకబోసుకుంటూ, పిచ్చిదానిలా నవ్వాను.

వదిన కోటు జేబులోంచి పానా తీసింది. సీట్లు విప్పే పానా. ఏడాదంతా అది ఇంట్లో అలమరలో ఉండేది. ఇవాళ జేబులో ఉంది.

నవ్వు ఆగిపోయింది.

"నువ్వు ముందు కూర్చో. కింద ఆగాల్సి వస్తే ఈ కాలు ఆపలేదు. ఇందాక చూశావుగా."

"నడిచి దిగుదాం వదినా."

"చూశావా, అనేశావు." నోట్లో లవంగం అటు నుంచి ఇటు మార్చింది. "నడిచి దిగితే సైకిల్ అటకెక్కుతుంది. దాంతోపాటు నేనూ ఎక్కుతాను. బుధవారం తర్వాత ఈ సైకిల్‌ని బయటికి తీసేది ఎవరు? మీ అన్నయ్యా? ఆయన కాఫీ కప్పు బ్యాలెన్సు చేస్తేనే గొప్ప."

వదిన పొడుగు, నేను పొట్టి. ముందు సీటు నాకోసం కిందికి దించింది. వెనక సీటు తనకోసం పైకి లేపింది. బోల్టు బిగిస్తుంటే ఆమె వేళ్ళు చలికి ఎర్రగా ఉన్నాయి. పొట్లంలోంచి ఒక లవంగం తీసి నా చేతిలో పెట్టింది.

నోట్లో వేసుకున్నాను. నాలుక మండింది.

ముందు సీటు. తిరిగే హ్యాండిల్. పట్టుకున్నాను. అది చేతుల కింద చిన్న జంతువులా కదిలింది. చేతులు బిగుసుకోవడం మొదలైంది — మోచేతుల దగ్గర్నుంచి, నాకు బాగా తెలిసిన దారిలో.

నా ముందు వీపు లేదు. పోగు లేదు. దేశపటం లేదు. ఖాళీ గాలి, దాని చివర ఊరు.

వెనక సీటు కిర్రుమంది.

"లగేజీ," అన్నాను. "సర్దుకున్నావా?"

వెనక, పొద్దుటి నుంచీ దాచుకున్న నవ్వు.

"సర్దుకున్నా."

"ఒకటి, రెండు, ఊఁ."

మెట్ట కదిలింది. మేం కాదు, మెట్టే కదిలింది... స్తంభాలు పైకి ఎక్కిపోతున్నాయి, ఒకటి, ఒకటి, ఒకటి. గాలి. నిజం గాలి. ఇన్నాళ్ళూ ఎవరి వీపో కాసిన గాలంతా ఒక్కసారిగా నా రొమ్ము మీద. పళ్ళు చల్లబడ్డాయి. కళ్ళు ధారలు కట్టాయి. బ్రేకు నొక్కాను. మాట విన్నది. వదిలాను. మాట విన్నది. ఎవరో కేక పెడుతున్నారు, పొడుగ్గా, చిన్నపిల్లలా. నేనే.

వెనక బెల్లు మోగింది. అధికారం ఇప్పుడు ఆమెది.

దిగుడు అయిపోయింది. నేలబారు దారి. ఇక తొక్కాలి. తొక్కాను. పెడల్ తేలిగ్గా తిరిగింది... ఉండాల్సిన దానికంటే తేలిగ్గా. వెనక నుంచి, గొలుసులోంచి, ఒక చిన్న తోపుడు.

ఉందా?

ఆ మోకాలితో తొక్కుతోందా? లేక నా అరికాలు... అద్దం వెనక ముసలి డ్రైవరు, పైకి లేచిన వేలు. చాలా దూరం నుంచి వచ్చింది.

తల తిప్పి చూడకూడదు. ముందు కూర్చున్నవాళ్ళు తల తిప్పరు.

మిల్లు గోడ పెరుగుతోంది. ఎర్రటి గోడ, మంచు పట్టిన ఇటుకలు, ఒక్కో ఇటుకా కనబడుతోంది. కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎడమకి ఇల్లు. కుడికి ఏరు. చేతులు కర్రలు కాలేదు. ఇంకా కాలేదు. వేళ్ళ కింద ఆ చిన్న జంతువు ఎటు పొమ్మంటావని అడుగుతోంది —

ముందు నా ఊపిరి. తెల్లగా, లవంగం వాసనతో, కుడి భుజం దాటి...

వెనక వదిన ముఖం.