తలస్నానానికి పోని రంగు

రాజోలు సెంటర్లో నా పార్లర్‌కి మొదటిసారి రంగు వేయించుకోడానికి ఎవరొచ్చినా ఒకటే చెబుతాను. ముందు సెమీ పర్మనెంట్ వేసుకోండి, నచ్చకపోతే నాలుగు తలస్నానాలకి వదిలిపోతుంది, పర్మనెంట్ సంగతి తర్వాత చూద్దాం అని. నా నోరు మంచిది కాదని మా చర్చిలో అందరికీ తెలుసు. కానీ రంగు విషయంలో నా మాట విని చెడిపోయినవాళ్ళు లేరు. నూకరత్నం వినలేదు. వినకపోవడానికి ఆవిడ కారణం ఆవిడకుంది, అదే నాకు ఇప్పటికీ బాధ.

ఆవిడది అంతర్వేది దగ్గర పల్లిపాలెం. తెల్లవారగానే రేవులో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి అమ్ముతుంది. మా ఇంటికి కూడా చేపలు ఆవిడే ఇస్తుంది. యాభై దాటాయో లేదో, తల ముగ్గుబుట్ట అయిపోయింది. ఎన్నిసార్లు రంగు వేస్తానన్నా, "నాకెందుకండీ ఈ వయసులో సోకులు" అని నవ్వేసేది. అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం గంప బయట దించి లోపలికొచ్చి, "నల్లగా చేసెయ్యండి రెబెక్కా గారూ" అంది.

"ఏంటి, పెళ్ళిచూపులా?" అన్నాను.

నవ్వలేదు. కుర్చీలో కూర్చుని, అద్దంలో నన్ను చూస్తూ చెప్పింది. వాళ్ళమ్మ తలుపులమ్మకి మతిమరుపు జబ్బు ముదిరిపోయిందట. కూతుర్ని గుర్తుపట్టడం లేదట. ఆ తెల్లజుట్టు చూసి, ఎప్పుడో చచ్చిపోయిన తన తల్లే వచ్చిందనుకుంటోందట.

"నన్ను పట్టుకుని అమ్మా అమ్మా అంటాదండి. మా అమ్మమ్మ ఇలాగే ఉండేది, తెల్లటి తలతో. కాదే, నేను నీ కూతుర్ని అంటే బెదిరిపోతాది. పోయేలోపు ఒక్కసారి రత్నం అని పిలిస్తే చాలండి నాకు. జుట్టు నల్లగా ఉంటే పిలుస్తాదేమో."

నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను కసురుకుంటాను, అది నా జబ్బు. "సరేలే, ముందు సెమీ వేస్తాను. మీ అమ్మ ఎలా తీసుకుంటుందో చూద్దాం" అన్నాను.

"అది ఎన్నాళ్ళుంటాదండి?"

"తలస్నానాన్ని బట్టి. పైగా ఇంత తెల్లజుట్టుని అది పూర్తిగా కప్పదు."

"బాగుందండి బాబూ! గంపలోంచి కారే నీచునీళ్ళన్నీ నా నెత్తిమీదే కదా. రోజూ తలకి పోసుకోవాల్సిందే. వారం తిరక్కుండా నీళ్ళలో కలిసిపోయే రంగు నాకెందుకు? కడిగినా పోనిదే వెయ్యండి."

"అది వద్దనుకున్నా పోదే."

"వద్దని ఎందుకనుకుంటానండి?"

ఒంటికి పడుతుందో లేదో చూడ్డానికి చెవి వెనక కాస్త రంగు రాసి పంపించాను. మర్నాటికి దురదా, దద్దుర్లూ ఏమీ లేవు. పర్మనెంటే వేశాను. పెళ్ళికూతుళ్ళ జడలు కూడా అంత శ్రద్ధగా పట్టుకోలేదు నేను. కడిగి ఆరబెట్టాక ఆవిడ అద్దంలో చాలాసేపు చూసుకుంది. "అచ్చం ఇలాగే ఉండేదాన్నండి" అని కళ్ళు తుడుచుకుంది.

రెండు మూడు రోజులు కనబడలేదు. తర్వాత గంప లేకుండా వచ్చింది. ఉండబట్టలేక నేనే అడిగాను, "పిలిచిందా?" అని.

"ఆయ్, పిలిచిందండి. గుమ్మంలో అడుగెట్టగానే, రత్నం, ఎప్పుడొచ్చావే అంది. బుగ్గలు నిమిరింది. చేప తలకాయ నాకిష్టమని కూడా గుర్తొచ్చిందండి."

"దేవుడికి స్తోత్రం! మరి ఆ ఏడుపేంటే?"

"తర్వాత, మా అమ్మ ఏదే అని అడిగిందండి. ఇందాకటిదాకా ఇక్కడే ఉంది కదా, ఏం చేశావు మా అమ్మని అంటాది. అమ్మమ్మ ఎప్పుడో పోయింది కదే అని నోరుజారాను. ఇంకంతే. ఇప్పుడే పోయినట్టు గుండెలు బాదుకుంది. అప్పట్నించీ ముద్ద ముట్టడం లేదండి. వాళ్ళమ్మొచ్చి పెడితేనే తింటాదంట. ఈ రంగు తీసెయ్యండి."

"నేను చెప్పానా లేదా!" అని అరిచాను. అరిచాక సిగ్గేసింది. రంగు తీసే మందు పెడితే ఇటుకరంగుకి తిరుగుతుంది గానీ తెల్లబడదని చెప్పాను. తెలుపు మొదళ్ళనుంచి పెరగాల్సిందే, ఆ జడంతా పోవాలంటే ఏళ్ళు పడతాయి.

"అన్నాళ్ళు మా అమ్మ ఉండదండి. జుట్టుకి పౌడరు కూడా అద్దుకుని చూశాను, చెమటకి కారిపోయింది."

లేచి జుట్టు ముడేసుకుంది. "అంతర్వేదిలో తలనీలాలు ఇచ్చేస్తానండి. గుండు మీద మొలిచేది తెల్లగానే మొలుస్తాది కదా?"

"మొలుస్తుంది. కానీ నిన్ను రత్నం అని ఇంకెప్పుడు పిలుస్తుందే?"

"ఒకసారి పిలిచింది కదండి, చాలు" అంది. ఆ మొహం చూస్తే చాలినట్టు లేదు.

గుండు చేయించుకుంటే చుట్టాలు ఊరుకోలేదట. తల్లి బతికుండగానే ఇదేం అపశకునం అని దెప్పారట. ఆవిడ తలకి తువ్వాలు చుట్టుకుని, పక్కింటామె చేత తల్లికి చెంచాతో గంజి పోయిస్తూ రోజులు నెట్టుకొస్తోందని విన్నాను. నాకు మనసాగలేదు. ఒక ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కాను.

వెళ్ళేసరికి నూకరత్నం కంచంలో అన్నం, చేపల పులుసు కలుపుతోంది. "ఇవాళే తువ్వాలు తీస్తున్నానండి" అంది. తీసింది. తలంతా పొట్టు తీసిన నువ్వులు చల్లినట్టు తెల్లగా మొలిచింది. మంచం మీద తలుపులమ్మ ఎముకల గూడైపోయి ఉంది. కూతుర్ని అలాగే చూసింది, చూసి చెయ్యి పైకెత్తి ఆ తల తడిమింది.

"ఎక్కడికెళ్ళిపోయావే అమ్మా ఇన్నాళ్ళూ?"

"అంతర్వేది మొక్కు తీర్చుకోడానికెళ్ళానే తల్లీ."

"చెప్పి వెళ్ళొచ్చుగా" అని అలిగి, నోరు తెరిచింది. నూకరత్నం ముల్లు తీసి ముద్ద పెట్టింది. మింగింది. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను, చెప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు.

రెండో ముద్దకి తలుపులమ్మ నోరు మూసుకుని గుమ్మంవైపు చూసింది. "అమ్మా, మొన్న మా రత్నం వచ్చిందే. జుట్టు ఎంత నల్లగా ఉందో. నేను ఏడ్చానని కోపమొచ్చి వెళ్ళిపోయినట్టుంది."

నూకరత్నం చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"దానికి కోపమేం లేదే. వస్తాదిలే. నువ్వు తిను."

"తలకాయ దానికుంచు. ఎవరికీ పెట్టెయ్యకు."

"అలాగేనే" అంది నూకరత్నం. పులుసులోంచి తలకాయ తీసి, వేరే గిన్నెలో పెట్టి మూతేసింది.